పాపిడి వెడల్పవుతోంది, ఏ షాంపూ వాడమంటారు?

ప్రశ్న: నా వయసు 28. మాది మదనపల్లె. రెండున్నరేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నాను. ఇంటి దగ్గర ఉన్నప్పుడు జడ చేతి నిండా వచ్చేది, రబ్బరుబ్యాండు రెండు చుట్లకే బిగిసేది. ఇప్పుడు నాలుగు చుట్లు వేసినా జారిపోతోంది. ఏడాదిన్నరగా పాపిడి వెడల్పవుతోంది, ఫొటోల్లో మాడు కనిపిస్తోంది. దీనికి తోడు మొన్న ఆగస్టులో డెంగీ వచ్చింది. నవంబరు నుంచి కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. ఉల్లిపాయ షాంపూ, బయోటిన్ షాంపూ, కెఫీన్ షాంపూ మూడూ అయిపోయాయి. బయోటిన్ మాత్రలు కూడా వేసుకుంటున్నాను. తలస్నానం చేస్తే బాత్రూం జాలీ నిండిపోతోందని భయపడి పది రోజులకొకసారే చేస్తున్నాను. దురద, పొట్టు ఉన్నాయి. నెలసరి కూడా సరిగ్గా రావడం లేదు. అందరూ బెంగళూరు నీళ్ళే కారణం, షవర్ ఫిల్టర్ పెట్టించుకో అంటున్నారు. అమ్మేమో వారం వారం నూనె పట్టించి కుంకుడుకాయతో రుద్దుకోమంటోంది. మే నెలలో పెళ్ళి. అద్దం చూసుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. అసలు నాకు ఏ షాంపూ మంచిది?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ముందు షాంపూ సంగతే చెప్పేస్తాను, మీరు అడిగింది అదే కాబట్టి. ఈ నెల రోజులూ మెడికల్ షాపులో దొరికే కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు వాడండి. మధ్యలో ఇంకోసారి తలస్నానం చేయాలనిపిస్తే మామూలు మైల్డ్ షాంపూ ఏదైనా చాలు. మీకు దురద, పొట్టు ఉన్నాయి కాబట్టే ఈ మాట చెబుతున్నాను. అవి లేకపోతే ఆ మందు షాంపూ కూడా అక్కర్లేదనేదాన్ని. కానీ వెడల్పైన పాపిడిని మళ్ళీ సన్నం చేసే షాంపూ మాత్రం లేదమ్మా. ఏ కంపెనీదీ లేదు, ఎంత డబ్బు పెట్టినా లేదు. ఆ పని చేసే మందులు వేరే ఉన్నాయి, వాటికి చర్మవ్యాధుల డాక్టరు కావాలి. షాంపూలు మార్చడం వల్ల పోయేది డబ్బు ఒక్కటే అయితే నేనింత గట్టిగా చెప్పేదాన్ని కాదు. మీకు నెలలు పోతున్నాయి.

నేను 22 ఏళ్ళుగా బెంగళూరులోనే ఫార్మసిస్టుని. 'జుట్టు రాలకుండా మంచి షాంపూ ఇవ్వండి' అని వచ్చేవాళ్ళు మా కౌంటర్ ముందు రోజుకి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నేను తెలుగుదాన్నని తెలిశాక గొంతు తగ్గించి మిగతా సంగతి చెబుతారు. దాదాపు అందరిదీ ఒకటే వరస. ఊరి నుంచి వచ్చాక మొదలైంది, నీళ్ళు పడలేదు, నాలుగు షాంపూలు మార్చాను, ఇప్పుడు ఏది వాడాలి? ఒకమ్మాయి అయితే ఇలా మారుస్తూ మూడేళ్ళు గడిపేసి వచ్చింది. ఆ అమ్మాయి మొదటి ఏడాదిలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే మీకింత వివరంగా రాస్తున్నాను.

మీ బాత్రూంలో ఉన్న సీసా ఒకటి చేతిలోకి తీసుకోండి. ముందువైపు జుట్టు రాలడం తగ్గుతుందని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని పక్కన చిన్న చుక్క గుర్తు ఉందేమో చూడండి. ఉంటే సీసా తిప్పి అదే గుర్తు వెనకవైపు ఎక్కడుందో వెతకండి. చీమ తలకాయంత అక్షరాల్లో 'తెగిపోవడం వల్ల రాలే జుట్టు' అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది, చాలా సీసాల మీద. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. షాంపూలో, కండిషనర్‌లో ఉండే సిలికాన్ లాంటివి వెంట్రుక మీద పల్చటి పూతలా పడతాయి. అప్పుడు దువ్వెన తేలిగ్గా జారుతుంది, చిక్కుల్లో తెగేవి తగ్గుతాయి. తెగే జుట్టు ఉన్నవాళ్ళకి అది నిజంగా ఉపయోగమే. మీ జుట్టు తెగుతోందా, ఊడుతోందా అన్నదే ప్రశ్న.

అది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రేపు తల దువ్వుకున్నాక దువ్వెనకి వచ్చిన వెంట్రుకల్లో ఓ పది తీసి నల్లటి గుడ్డ మీద ఒక్కొక్కటిగా పరచండి. కిటికీ దగ్గర, పగటి వెలుతురులో చూడండి. రెండు కొసలూ వేళ్ళతో తడమండి. ఒక కొసన సూది మొనంత తెల్లటి బొడిపె కనిపిస్తే, వెంట్రుక మీ జడంత పొడవూ ఉంటే, అది ఊడిన వెంట్రుక. బొడిపె లేకుండా పొట్టిగా, కొస చీలిపోయి ఉంటే అది తెగిన ముక్క. మీరు కుచ్చులు కుచ్చులుగా అన్నారు కాబట్టి పదిలో ఎనిమిది తొమ్మిదింటికి ఆ బొడిపె ఉంటుందనే అనుకుంటున్నాను. ఆ తెల్లటి బొడిపె చూసి చాలామంది గుండె జారిపోయి వస్తారు, కుదురుతో సహా పెరుక్కొచ్చేసింది, ఇక అక్కడ మొలవదు అనుకుంటారు. అది కుదురు కాదు. పెరగడం ఆగిపోయి విశ్రాంతిలో ఉన్న వెంట్రుకకి అడుగున ఉండే ముడి అది. కుదురు చర్మం లోపల అలాగే ఉంటుంది, మళ్ళీ మొలిపిస్తుంది.

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక కొన్నేళ్ళు పెరిగి, ఆగి, దాదాపు మూడు నెలలు ఊరికే ఉండి, ఆ తర్వాత రాలుతుంది. అలా రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం ఎవరికైనా మామూలే. పెద్ద జ్వరం, ఆపరేషన్, కాన్పు, ఒక్కసారిగా తిండి మానేసి బరువు తగ్గడం, ఇలాంటి దెబ్బ ఏదైనా తగిలితే, ఇంకా పెరగాల్సిన వెంట్రుకలు కూడా ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. అవన్నీ రెండు మూడు నెలల తర్వాత కలిసి రాలతాయి. మీకు ఆగస్టులో డెంగీ, నవంబరులో కుచ్చులు. లెక్క అచ్చంగా సరిపోతోంది. ఈ రాలడం చాలామందికి ఆరు నెలల లోపు దానంతటదే నెమ్మదిస్తుంది, రాలినచోట మళ్ళీ వస్తుంది. అయితే జుట్టు నెలకి ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి జడలో లావు తెలియడానికి ఏడాది పైనే పడుతుంది.

నాకు రెండో బాబు పుట్టిన మూడో నెలలో ఇలాగే అయింది. చంటివాడి గుప్పిట్లో నా వెంట్రుకలు, పాలసీసా బ్రష్‌లో నా వెంట్రుకలు. ఫార్మసీ చదివినదాన్ని, అయినా భయపడ్డాను. ఒక పార్లర్‌లో చెప్పిన టానిక్కు కొన్నాను, ఆ తర్వాత ఇంకో నూనె కొన్నాను. బాబుకి తొమ్మిదో నెల వచ్చేసరికి రాలడం ఆగింది. ఆ రోజుల్లో ఏ నూనె రాసుకుంటున్నానో దానికే ఆ పేరు కట్టబెట్టి పదిమందికి చెప్పాను కూడా. నిజానికి ఏదీ రాసుకోకపోయినా అప్పటికి ఆగేదే. మీ స్నేహితులు ఫలానా షాంపూతో మాకు తగ్గింది అని ఒట్టు పెట్టి మరీ చెబుతారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. తగ్గే సమయానికి ఆ సీసా వాళ్ళ చేతిలో ఉంది, అంతే.

ఇక మీరు వాడిన మూడింటి గురించి. ఉల్లిపాయ సంగతికి ఒక మూలం ఉంది. 2002లో ఇరాక్ డాక్టర్లు పచ్చి ఉల్లిపాయ రసాన్ని రోజుకి రెండుసార్లు పేనుకొరుకుడు మచ్చల మీద రాయించి చూశారు, చాలామందికి అక్కడ జుట్టు వచ్చింది. పేనుకొరుకుడు అంటే గుండ్రంగా బిళ్ళలు బిళ్ళలుగా ఊడటం. అది వేరే జబ్బు, చాలామందికి దానంతటదే తగ్గేది కూడా. మీది అది కాదు. పైగా వాళ్ళు రాసింది పచ్చి రసం, కడిగేసే షాంపూలో కలిపిన చుక్క కాదు. కెఫీన్ ప్రయోగశాలలో విడిగా పెట్టిన కుదుళ్ళ మీద కొంత పనిచేసినట్టు కనిపించింది. కానీ జుట్టు రాలడం తగ్గిస్తుందని ఒక కెఫీన్ షాంపూ వేసిన ప్రకటనని, ఆధారాలు చాలవని 2018లో బ్రిటన్‌లో ప్రకటనలని పర్యవేక్షించే సంస్థ ఆపించింది. బయోటిన్ అనే బి విటమిన్ లోపం మామూలుగా తిండి తినేవాళ్ళలో చాలా అరుదు, లోపం లేనివాళ్ళకి దాన్ని తలకి పూసినా పెద్ద ఉపయోగం లేదు. షాంపూ తల మీద ఉండేది ఒకటి రెండు నిమిషాలు. దాని పని మురికినీ జిడ్డునీ పట్టుకుని నీళ్ళతో పాటు వెళ్ళిపోవడం. అంత తక్కువసేపట్లో కుదురుని మార్చే పని దానితో అవదు.

బయోటిన్ మాత్రల గురించి ఒక్క మాట, ఇది మాత్రం మర్చిపోవద్దు. రక్తంలో బయోటిన్ ఎక్కువగా ఉంటే థైరాయిడ్ పరీక్ష ఫలితం తారుమారవుతుంది, లేని జబ్బు ఉన్నట్టు చూపించగలదు. గుండెపోటు పరీక్షలో అయితే ఉన్న జబ్బు లేనట్టు చూపించగలదని 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మీకు రక్తపరీక్షలు ఎలాగూ రాస్తారు. రెండు మూడు రోజుల ముందే ఆ మాత్రలు ఆపేసి, డాక్టరుకి, ల్యాబ్ వాళ్ళకి కూడా చెప్పండి.

మరి కీటోకోనజోల్ ఎందుకు చెప్పానంటే, చుండ్రు పొడిబారడం వల్ల వచ్చేది కాదు. మన మాడు మీద ఉండే ఒక రకం ఫంగస్ అక్కడి జిడ్డు తిని పెరుగుతుంది, దానివల్లే దురద, పొట్టు. గోకుడు వల్ల, వాపు వల్ల రాలడం ఇంకాస్త ఎక్కువవుతుంది. ఈ షాంపూ ఆ ఫంగస్‌ని అణుస్తుంది. వాడే పద్ధతి తెలియకే చాలామంది పని చేయలేదంటారు. తల తడిపి, షాంపూని వేళ్ళ కొసలతో మాడుకి పట్టించి, గోళ్ళు తగలకుండా రుద్ది, ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి. ఈలోగా ఒళ్ళు రుద్దుకోండి, ఫోనులో రెండు పాటలు వినండి. ఆ తర్వాత కడిగేయాలి. జుట్టు పొడవునా రుద్దొద్దు, కిందకి జారే నురగ చాలు దానికి. కొసలకి మాత్రం కండిషనర్ పెట్టండి, లేకపోతే గడ్డిలా అయిపోతుంది. నాలుగు వారాల తర్వాత పొట్టు తగ్గితే వారానికో, రెండు వారాలకో ఒకసారి చాలు. మామూలు రోజుల షాంపూ కోసం మాత్రం పెద్ద సీసా కొనొద్దు. ముందు రెండు పాకెట్లు తెచ్చి చూసుకోండి. కడిగిన మర్నాటికి మాడు జిడ్డు కట్టకుండా, దురద పెట్టకుండా, బిగదీసినట్టు లేకుండా ఉంటే అదే మీ షాంపూ. షాంపూని మాడుని బట్టి ఎంచుకోవాలి, ఎంత రాలుతోందన్నదాన్ని బట్టి కాదు.

పది రోజులకొకసారి తలస్నానం అన్నారు చూడండి, అది చదివి నాకు చాలా బాధ వేసింది. రోజుకి 60 ఊడతాయనుకుందాం. పది రోజులకి 600. కొన్ని దువ్వెనకి వస్తాయి, మిగతావి చిక్కుల్లో ఇరుక్కుని అక్కడే ఉంటాయి. నీళ్ళు పోయగానే అవన్నీ ఒక్కసారి దిగి జాలీ నిండుతుంది. అది చూసి మీరు భయపడి ఇంకో రెండు రోజులు వాయిదా వేస్తారు, ఈసారి జాలీ ఇంకా నిండుతుంది. స్నానం ఒక్క వెంట్రుకని కూడా ఊడదీయడం లేదు, ఊడినవాటిని మీకు చూపిస్తోంది. వారానికి రెండు మూడుసార్లు చేయడం మొదలుపెడితే మొదటి వారం భయమేస్తుంది, తర్వాత జాలీలో ముద్ద చిన్నదవడం మీరే చూస్తారు. స్నానానికి ముందు వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసుకోండి. తడి జుట్టుని తువ్వాలుతో కొట్టకండి, అద్ది వదిలేయండి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, వర్తూరు వైపు చాలా ఏళ్ళుగా బోర్లు, ట్యాంకర్లే దిక్కు. 2024 ఎండాకాలంలో ఆ బోర్లు కూడా ఎండిపోయి ఎంత అవస్థ పడ్డామో మీకూ గుర్తుండే ఉంటుంది. కావేరి తాగునీటి పథకం ఐదో దశ నీళ్ళు 2024 అక్టోబరులో మొదలయ్యాయి గానీ ఆ వైపు చాలా పీజీల్లో ఇప్పటికీ బోరు నీళ్ళే. ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. మన ఇళ్ళలో పప్పు ఉడకని నీళ్ళు అంటామే, అవే. బకెట్ అంచున తెల్ల చారలు కడతాయి, గీజర్ విప్పితే లోపల పెచ్చులు పెచ్చులుగా ఉంటుంది. తాగే నీళ్ళకి మన దేశ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఈ నీళ్ళతో జుట్టు బిరుసెక్కుతుంది, మెరుపు పోతుంది, చిక్కు పడుతుంది, చిక్కు తీసేటప్పుడు తెగుతుంది. వెంట్రుక బలాన్నే తగ్గిస్తాయా అన్నదాంట్లో కూడా పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. కోయంబత్తూరు డాక్టర్లు 2013లో ప్రచురించిన చిన్న పరిశోధనలో కఠిన జలంలో ఉంచిన వెంట్రుకలకీ, శుద్ధి చేసిన నీళ్ళలో ఉంచినవాటికీ బలంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తర్వాత పాకిస్తాన్‌లో చేసినదాంట్లో బలం కొంత తగ్గింది. కానీ ఈ గొడవంతా చర్మం పైనున్న వెంట్రుక గురించే. కుదురు చర్మం లోపల ఉంటుంది, దానికి అందేది మీ రక్తం, బకెట్లో నీళ్ళు కావు. బోరు నీళ్ళు మదనపల్లెలోనూ ఉన్నాయి కదా.

మరి బెంగళూరు వచ్చాకే ఎందుకు మొదలైంది అంటారు. మనం ఇక్కడికి వచ్చే వయసు అది. వంశంలో ఉన్న పల్చదనం కొందరికి ఇరవైల్లోనే పైకి కనిపించడం మొదలవుతుంది, ఇంట్లో ఉన్నా మొదలయ్యేదే. దానికి తోడు పీజీ తిండి, రాత్రి రెండింటి దాకా కాల్సు, మీకు డెంగీ.

షవర్ ఫిల్టర్ కొనొద్దనే చెబుతాను. నాలుగు గుళికలున్న చిన్న డబ్బా క్లోరిన్ వాసన కొంత తగ్గిస్తుందేమో గానీ నీళ్ళని మెత్తబరచదు. ఆ పని చేయాలంటే రెసిన్ ఉన్న సాఫ్ట్‌నర్ కావాలి, దాన్ని మధ్య మధ్య ఉప్పు నీళ్ళతో కడుగుతూ ఉండాలి. అది పీజీ ఓనరు పెట్టించాల్సిన సామాను, మీ ఒక్కరి ఖర్చు కాదు. మీరు చేయగలిగింది ఒకటుంది. ఆఖరి రెండు చెంబులు ఆర్వో నీళ్ళు పోసుకోండి. షాంపూ వెనక పదార్థాల పట్టికలో డైసోడియం ఈడీటీఏ అని ఉంటే మంచిది, అది నీళ్ళలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. అంతకన్నా ఎక్కువ ఖర్చు నీళ్ళ మీద పెట్టకండి.

అమ్మగారి మాటలో సగం నిజముంది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుందని, కడిగేటప్పుడు పోయే ప్రొటీన్‌ని తగ్గిస్తుందని 2003లోనే పరిశోధన వచ్చింది. మినరల్ ఆయిల్‌తో, పొద్దుతిరుగుడు నూనెతో అది జరగలేదు. కాబట్టి స్నానానికి గంట ముందు జుట్టు పొడవునా, కొసలకి రాసుకోండి. మాడుకి మాత్రం పొట్టు తగ్గేదాకా వద్దు, ఆ జిడ్డే ఫంగస్‌కి తిండి. నూనెతో తల నానబెట్టి రెండు రోజులు ఉంచడం అసలు వద్దు. కుంకుడుకాయ చక్కగా కడుగుతుంది. దాని నురగని కూడా షాంపూ నురగలాంటిదే అనుకోండి, శుభ్రం చేస్తుంది, మొలిపించదు. అమ్మ తృప్తి కోసం నెలకోసారి రుద్దుకోండి, గింజలు తీసి నానబెట్టి వడకట్టిన పులుసుతో, కళ్ళలో పడకుండా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మీ పాపిడి డెంగీ కంటే ఏడాది ముందే వెడల్పవడం మొదలైంది. అంటే మీకు రెండు ఇబ్బందులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. డెంగీది పోతుంది. రెండోది దానంతటదే ఆగదు. ఆడవాళ్ళలో నుదుటి అంచు అలాగే ఉండి నడినెత్తిన పల్చబడే ఈ తీరుని లుడ్విగ్ అనే డాక్టరు 1977లో మూడు దశలుగా విభజించి రాశాడు. ఇందులో జుట్టు ఒక్కసారి కుచ్చుగా ఊడదు. మొలిచే ప్రతి కొత్త వెంట్రుకా ముందుదానికంటే సన్నగా, పొట్టిగా వస్తుంది. కొన్నాళ్ళకి నూగులా మిగులుతుంది. నూగు దశలో ఉన్నదాన్ని మందుతో మళ్ళీ లావు చేయొచ్చు, పూర్తిగా ఆగిపోయినదాన్ని చేయడం కష్టం. నెలలు పోతున్నాయని మొదట్లో అన్నది ఇందుకే. మీ అమ్మగారిదీ, మేనత్తలదీ పాపిడి ఎలా ఉందో ఓసారి గుర్తు చేసుకోండి. నెలసరి తప్పుతోందన్నారు. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు కూడా ఉంటే పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో అండాశయాలకి వచ్చే ఇబ్బంది, ఉందేమో చూడాలి. ఈ మాట డాక్టరు దగ్గర దాచకండి, జుట్టుకీ దానికీ సంబంధం ఉంది.

దీనికి ఎక్కువగా రాసే మందు మినాక్సిడిల్. బీపీ మాత్రగా వచ్చిన మందు అది, వేసుకున్నవాళ్ళకి వెంట్రుకలు పెరగడం చూసి తలకి రాసే ద్రావణంగా చేశారు. అమెరికాలో 1988లో మగవాళ్ళకి, 1991లో ఆడవాళ్ళకి అనుమతి వచ్చింది. దయచేసి మా కౌంటర్ దగ్గరో, ఇంకో కౌంటర్ దగ్గరో మీ అంతట మీరు కొనుక్కోకండి. మొదటి నెలా రెండు నెలలు జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు. ముందే తెలియక ఎంతమంది అక్కడే ఆపేశారో! ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆపేస్తే వచ్చింది పోతుంది. గర్భం కోసం చూస్తున్నప్పుడు, గర్భిణిగా ఉన్నప్పుడు, పాలిస్తున్నప్పుడు వాడకూడదు. మీకు మేలో పెళ్ళి. పిల్లల గురించి మీ ఇద్దరి ఆలోచన ఏమిటో డాక్టరుకి చెబితే, ఇప్పుడు మొదలుపెట్టాలా, ఎన్నాళ్ళు వాడాలా అన్నది వాళ్ళు చూస్తారు.

వెళ్ళేటప్పుడు బోర్డు మీద చర్మవ్యాధుల ఎండీ (డీవీఎల్) లేదా డీడీవీఎల్ డిప్లొమా ఉందో లేదో చూడండి. హెయిర్ క్లినిక్కు అని రాసి ఉన్న చోటల్లా డాక్టరు ఉండడు. నాకు తెలిసిన ఒకమ్మాయి చేత మొదటి రోజే ఏడాది ప్యాకేజీకి డబ్బు కట్టించుకున్నారు, రక్తపరీక్ష ఒక్కటీ చేయించలేదు. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే బౌరింగ్, విక్టోరియా ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి, కోరమంగల వైపు సెయింట్ జాన్స్ ఉంది. సెలవు పెట్టి ఉదయాన్నే వెళ్ళండి. సాధారణంగా రక్తం మొత్తం పరీక్ష, ఫెరిటిన్, థైరాయిడ్, విటమిన్ డి, బి12 రాస్తారు. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ, తక్కువగా ఉండొచ్చు. ఐరన్ మాత్ర ఇస్తే కాఫీ టీలతో వేసుకోకండి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పీజీ సాంబారు అన్నంలో ప్రొటీన్ అంతంతమాత్రం. రోజూ రెండు గుడ్లు, లేదంటే గట్టి పప్పు, పెరుగు, గుప్పెడు వేరుశెనగలు. పెళ్ళికి సన్నబడాలని మాత్రం ఇప్పుడు తిండి తగ్గించకండి. జనవరిలో కడుపు మాడ్చుకుంటే అది ఏప్రిల్లో జడలో కనిపిస్తుంది.

ఇవాళ ఒక పని చేయండి. తల ఆరాక, నడి పాపిడి తీసి, కిటికీ దగ్గర నిలబడి, రూమ్మేటుతో పైనుంచి ఒక ఫొటో తీయించుకోండి. ప్రతి నెలా అదే రోజు, అదే చోట, అదే పాపిడి. డాక్టరుకి మీ మాటల కంటే ఆ ఫొటోలు ఎక్కువ ఉపయోగపడతాయి. మీరు కూడా రోజూ అద్దం ముందు లెక్కపెట్టుకోవడం మానేస్తారు.

పెళ్ళికి ముందు కెరటిన్, స్మూతెనింగ్ లాంటి పార్లర్ ట్రీట్‌మెంట్లు చేయించుకోమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, పల్చటి జుట్టు ఆ వేడికీ మందులకీ తట్టుకోదు. పూలజడ గురించి మనసులో దిగులు ఉండే ఉంటుంది, మీరు రాయలేదు గానీ. మా అమ్మమ్మ కాలంలో సవరం లేని ఇల్లు లేదు, ఒత్తు జుట్టున్నవాళ్ళు కూడా పెట్టుకునేవాళ్ళు. మీరూ మంచి సవరం ముందే కొని, మీ రంగుకి సరిపోయిందో లేదో చూసుకోండి. జడ వేసే ఆవిడకి పది రోజుల ముందే చెప్పండి: పూల బరువంతా సవరానికే కుట్టాలి, నడినెత్తిన పిన్నులు గుచ్చకూడదు, నుదుటి దగ్గర లాగి కట్టకూడదు. తలంబ్రాలు అయ్యి గది చేరగానే ముందు ఆ జడ విప్పించుకోండి.